పంటి పాచిలో ఒక లోకాన్ని చూసినవాడు



ఈ నెల గోడపత్రికలో మహనీయుల జీవితాలు శీర్షిక రాసే వంతు నాకు వచ్చింది. కొమురం భీం గురించి, సి.వి. రామన్ గురించి మనోళ్ళు ఇంతకుముందే బాగా రాశారు. నేను ఈసారి ఒక బట్టల దుకాణపాయన గురించి రాస్తున్నాను. ఆయన పేరు ఆంటోనీ వాన్ ల్యూవెన్‌హుక్. సైన్సు పుస్తకంలో ఈ పేరు ఒక్క లైనులో వస్తది. బ్యాక్టీరియాను మొట్టమొదట చూసింది ఈయనే అని చెప్పి పాఠం ముందుకు పోతది. మనం ఒక మార్కు బిట్టు కోసం బట్టీ పట్టి, పరీక్ష అయినంక మర్చిపోతం. కాని ఆయన బ్యాక్టీరియా బొమ్మలు గీసి లోకానికి చూపించాడు కదా, ఆ బ్యాక్టీరియాను ఎక్కడి నుంచి తీశాడు? తన సొంత పళ్ళ సందుల్లోని పాచిలోంచి. ఆ సంగతి మన పుస్తకంలో లేదు.

పన్ను నొప్పి అంటే ఏందో మన హాస్టల్లో ఎవరికీ చెప్పనక్కర లేదు. రాత్రి స్టడీ అవర్ అయిపోయి లైట్లు ఆర్పినంక ఏదో ఒక మంచం మీద ఎవడో ఒకడు చెంప కింద చెయ్యి పెట్టుకొని అటు ఇటు పొర్లుతనే ఉంటడు. ఒకరు లవంగం పెట్టుకోమంటరు. ఇంకొకరు ఉప్పు నీళ్ళు పుక్కిలించమంటరు. పురుగు పట్టిందని మూడో ఆయన తేల్చేస్తడు. మహబూబాబాద్ తండాల నుంచి వచ్చినోళ్ళయినా, జనగామ పల్లెల నుంచి వచ్చినోళ్ళయినా, భూపాలపల్లి అడవిలోని గూడేల నుంచి వచ్చినోళ్ళయినా, భాష వేరు కాని ఈ పురుగు మాట మాత్రం అందరికీ ఒక్కటే. ల్యూవెన్‌హుక్ ఆ పురుగును కూడా పట్టి చూశాడు. అందుకే ఈయనను ఎంచుకున్నాను.

హాలండ్ దేశంలో డెల్ఫ్ట్ అనే పట్టణం ఉంది. 1632 అక్టోబర్ 24న ఆయన అక్కడ పుట్టాడు. అప్పటికి మన దగ్గర గోల్కొండను కుతుబ్‌షాహీలు ఏలుతున్నారు, చార్మినార్ కట్టి నలభై ఏండ్లు దాటింది. తండ్రి బుట్టలు అల్లేవాడు, మన మేదరోళ్ళ లెక్క. పిల్లవాడికి ఆరేండ్లు నిండకముందే తండ్రి చనిపోయాడు. తల్లి మళ్ళీ పెండ్లి చేసుకుంది. ఆంటోనీని వేరే ఊరికి పంపి బడిలో వేశారు. ఆ తర్వాత కొంతకాలం ఒక బంధువు ఇంట్లో ఉన్నాడు. చిన్నప్పుడే ఇల్లు విడిచి చదువుకోవడం ఎట్లుంటదో మనకు తెలుసు కాబట్టి ఇక్కడ ఎక్కువ రాయను.

పదహారేండ్లకు ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో ఒక బట్టల వ్యాపారి దగ్గర పనికి కుదిరాడు. లెక్కలు రాయడం, బట్ట నాణ్యం చూడడం అక్కడే నేర్చుకున్నాడు. 1654లో సొంతూరు తిరిగి వచ్చి పెండ్లి చేసుకొని సొంత దుకాణం పెట్టుకున్నాడు. ఐదుగురు పిల్లలు పుడితే మరియా అనే కూతురు ఒక్కతే బతికింది. 1666లో భార్య కూడా పోయింది. దుకాణంతో పాటు ఊరి కచేరీలో ఒక చిన్న ఉద్యోగం దొరికింది. అధికారులు కూర్చునే గదిని చూసుకోవడం, ఊడిపించడం, చలికాలం పొయ్యి రాజేయించడం, ఇట్లాంటి పని. తర్వాత భూమి కొలిచే సర్వేయరుగా పరీక్ష పాసయ్యాడు. సారా పీపాలు, ద్రాక్షసారా పీపాలు కొలిచే ఉద్యోగం కూడా చేశాడు. యూనివర్సిటీ గడప తొక్కలేదు. ఆ కాలంలో చదువుకున్నోళ్ళ భాష లాటిన్. సైన్సు అంతా లాటిన్‌లోనే ఉండేది. మనకు ఇప్పుడు ఇంగ్లీషు ఎట్లనో వాళ్ళకు అప్పుడు లాటిన్ అట్ల. ఈయనకు ఆ భాష రాదు. ఇంట్లో మాట్లాడే డచ్చి భాష ఒక్కటే వచ్చు.

బట్టల వ్యాపారులు నేత ఎంత గట్టిగా ఉందో చూడడానికి భూతద్దం పెట్టి పోగులు లెక్కపెట్టేవాళ్ళు. ల్యూవెన్‌హుక్‌కు అద్దాల మీద మోజు అక్కడే పట్టుకొని ఉంటది. తనే గాజును కరిగించి, అరగదీసి కటకాలు చేయడం మొదలుపెట్టాడు. ఆయన సూక్ష్మదర్శిని మన ల్యాబులో ఉన్నట్టు నిలువుగా గొట్టంతో ఉండదు. రెండు ఇత్తడి రేకులు, వాటి మధ్య జొన్నగింజ కన్న చిన్న కటకం ఒకటి, దాని ముందు ఒక సూది. చూడాల్సిన వస్తువును సూది మొనకు అంటించి, మర తిప్పి సరిచేసుకొని, రేకును కంటికి ఆనించి వెలుగు వైపు చూడాలి. మొత్తం అరచేతిలో పట్టేంత. ఇప్పటికి మిగిలిన వాటిలో అన్నిటికన్న మంచిది వస్తువును దాదాపు 270 రెట్లు పెద్దగా చూపిస్తది. ఆయన జీవితంలో 500 దాకా కటకాలు చేశాడని అంటారు. ఎట్ల చేస్తాడో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇది నాకు నచ్చని గుణం. విద్య దాచుకుంటే అది మనిషితోనే పోతది, ఆయన విషయంలో చాలా వరకు అట్లనే అయింది.

1673లో డెల్ఫ్ట్‌లోనే ఉండే డి గ్రాఫ్ అనే డాక్టరు ఈయన గురించి లండన్‌లోని రాయల్ సొసైటీకి రాశాడు. అది శాస్త్రజ్ఞుల సంఘం. అప్పటి నుంచి ల్యూవెన్‌హుక్ తను చూసినవన్నీ ఉత్తరాలుగా రాసి పంపడం మొదలుపెట్టాడు. అన్నీ డచ్చి భాషలోనే. వాళ్ళే ఇంగ్లీషులోకి, లాటిన్‌లోకి మార్చుకొని అచ్చువేసుకున్నారు. తనకు వాళ్ళ భాష రాదని ఆయన ఆగలేదు.

1674లో ఊరి పక్క చెరువు నీళ్ళలో కదిలే చిన్న ప్రాణులను చూశాడు. 1676లో మిరియాలు నానబెట్టిన నీళ్ళలో వాటికన్న ఎంతో చిన్నవి కనపడ్డాయి. మిరియం ఘాటు నాలుకను ఎందుకు పొడుస్తదో చూద్దామని నానబెట్టాడట. ఘాటు సంగతి తేలలేదు కాని బ్యాక్టీరియా దొరికింది. ఒక్క బొట్టులో వేల ప్రాణులు ఉన్నాయని రాస్తే లండన్ పెద్దలు నమ్మలేదు. ఆయన కోపానికి రాలేదు. ఊరిలోని పాస్టర్లను, నోటరీని, ఇంకొందరు పెద్దమనుషులను పిలిచి అద్దంలో చూపించి, చూశామని వాళ్ళ చేత సంతకాలు పెట్టించి ఆ కాగితాలు పంపాడు. 1677 నవంబరులో రాబర్ట్ హుక్ తనే లండన్‌లో ప్రయోగం చేసి సంఘం వాళ్ళకు ఆ ప్రాణులను చూపించినంక అందరి నోళ్ళు మూతపడ్డాయి. 1680లో బట్టల దుకాణపాయనను రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నుకున్నారు.

ఇక పళ్ళ సంగతికి వస్తాను.

1678లోనే ఆయన పంటిని పలచటి ముక్కగా కోసి చూసి, అది రాయి లాగా గట్టి ముద్ద కాదని, సన్నటి గొట్టాలు పక్కపక్కన పేర్చినట్టు ఉందని రాశాడు. పైన గట్టి పింగాణి పొర, దాని కింద డెంటిన్ అని మనం బొమ్మ గీస్తం కదా, ఆ డెంటిన్‌లోని గొట్టాలే అవి. పుచ్చిన పంటికి చల్ల నీళ్ళు తగిలితే జివ్వుమనేది ఆ గొట్టాల మీదుగానే. పింగాణి పొరలో నరం లేదు. అందుకే పుచ్చు మొదలైనప్పుడు మనకు ఏమీ తెలియదు. నొప్పి తెలిసే నాటికి పని చాలా లోపలికి పోయి ఉంటది.

1683 సెప్టెంబరులో ఆయన రాసిన ఉత్తరం ఇంకా పేరుపొందింది. అప్పటికి ఆయనకు యాభై ఏండ్లు నిండాయి. ఆయన పళ్ళ విషయంలో శుభ్రం మనిషి. రోజూ పొద్దున ఉప్పుతో పళ్ళు రుద్దుకునేవాడు. తిన్నంక దవడ పళ్ళను పుల్లతో గీరుకొని, గుడ్డతో తుడుచుకునేవాడు. ఆ వయసుకు ఇంత మంచి పళ్ళు ఎవరికీ లేవని కొంచెం గొప్ప కూడా పోయేవాడు. అయినా ఒకరోజు అద్దంలో చూసుకుంటే పళ్ళ సందుల్లో తడిపిన పిండి లాగా తెల్లగా ఏదో అంటి ఉంది. దాన్ని పుల్లతో తీసి, ప్రాణులేవీ లేని శుభ్రమైన వాన నీళ్ళలో కలిపి, సూక్ష్మదర్శిని కింద పెట్టాడు.

అందులో లెక్కలేనన్ని ప్రాణులు కదులుతున్నాయి. కొన్ని పొడుగ్గా ఉండి నీళ్ళలో చేప దూసుకుపోయినట్టు పోతున్నాయి. కొన్ని బొంగరం లెక్క గిరగిరా తిరుగుతున్నాయి. కొన్ని గుంపులు గుంపులుగా ముసురుకున్న దోమల లాగా ఉన్నాయి. వాటన్నిటి బొమ్మలు గీసి పంపాడు. మనిషి నోటిలోని బ్యాక్టీరియాకు లోకంలో మొదటి బొమ్మలు అవే. తన దేశంలో ఎంతమంది జనం ఉన్నారో అంతకన్న ఎక్కువ ప్రాణులు తన ఒక్క నోటిలో ఉన్నాయని లెక్కగట్టాడు. ఉప్పుతో రుద్దుకొనే ఆయన నోటి సంగతే అది!

తన నోటితో ఆగలేదు. ఇద్దరు ఆడవాళ్ళ పళ్ళ పాచి తీసి చూశాడు. ఎనిమిదేండ్ల పిల్లవాడి నోటిలోంచి తీసి చూశాడు. ఒకరోజు ఒక ముసలాయనతో మాట్లాడుతుంటే ఆయన పళ్ళ నిండా పాచి కనపడింది. ఆ ముసలాయన మంచి నడతగల మనిషే, సారా తాగడు, పొగాకు ముట్టడు. కాని జన్మలో ఒక్కసారి కూడా నోరు కడుక్కోలేదట. ఆయన పాచిలో ప్రాణులు ఇంకా ఎక్కువగా, ఇంకా చురుకుగా ఉన్నాయి. ఒకసారి ఊహించుకోండి, ముక్కు మొఖం తెలియని వాళ్ళను ఆపి నీ పళ్ళ పాచి కొంచెం ఇస్తవా అని అడగాలంటే ఎంత ధైర్యం కావాలె! మన సైన్సు క్లబ్బులో చెరువు నీళ్ళు తెమ్మంటేనే నలుగురం ముందుకు రాము.

వెనిగర్ సంగతి ఇంకా ముఖ్యమైనది. వెనిగర్ అంటే ద్రాక్షసారా పులిసి చేసిన పుల్లటి నీళ్ళు. పాచిని బయటికి తీసి అందులో కలిపితే ప్రాణులన్నీ వెంటనే చచ్చాయి. కాని వెనిగర్‌తో నోరు పుక్కిలించి, ఆ తర్వాత పాచి తీసి చూస్తే లోపల చాలా బతికే ఉన్నాయి. పాచి మందంగా అంటుకొని ఉంటే మందు దాని పైపైనే పని చేస్తది, లోపలికి ఇంకదని ఆయనకు అర్థమైంది. ఈ రోజు పళ్ళ డాక్టర్లు చెప్పే మాట కూడా ఇదే. పాచిని పుల్లతోనో బ్రష్షుతోనో రుద్ది ఊడగొట్టాలె, పుక్కిలించినంత మాత్రాన పోదు. ఉప్పు నీళ్ళు పుక్కిలిస్తే వాపుకు కొంచెం హాయిగా ఉంటది, అంతే.

1692లో ఇంకో వింత రాశాడు. తన ముందు పళ్ళ పాచిలో వెతికితే ప్రాణులు దొరకడం లేదు. ఎందుకా అని ఆలోచించి, తను పొద్దున్నే చెమట పట్టేంత వేడి కాఫీ తాగడం మొదలుపెట్టిన సంగతి గుర్తుకు తెచ్చుకున్నాడు. వేడి తగిలే ముందు పళ్ళ దగ్గర చచ్చిపోయాయి. దవడ పళ్ళ వెనకాల చూస్తే అక్కడ హాయిగా బతుకుతున్నాయి. మామూలు మనిషయితే దొరకలేదు పో అని వదిలేసేవాడు.

పురుగు కథ 1700లోది. పుచ్చిన పంటిలో పురుగు ఉంటదనే నమ్మకం మన దగ్గరే కాదు, యూరప్ అంతటా ఉండేది. వాళ్ళు ఖురాసాని వాము గింజలను నిప్పుల మీద వేసి ఆ పొగను నోటిలోకి పట్టించేవాళ్ళు. మనోళ్ళు వాకుడు గింజలు వేస్తరు, తేడా అంతే. అట్లా పొగపెట్టి ఒకరి పంటిలోంచి తీశామని చెప్పి పురుగులను ల్యూవెన్‌హుక్ దగ్గరికి పంపారు. ఆయన వాటిని అద్దం కింద చూస్తే ఎక్కడో చూసినట్టే ఉన్నాయి. డచ్చివాళ్ళు పాలు విరిచి, గట్టిపరిచి, నెలల తరబడి నిలవబెట్టుకొని తినే చీజ్ ఉంటది. అది పాతబడితే ఈగలు గుడ్లు పెట్టి పురుగు పడుతది. ఆ చీజ్ పురుగులను తెప్పించి పక్కపక్కన పెట్టి పోల్చాడు. రెండూ ఒకటే. చీజ్ తిన్నప్పుడు పంటి సందులోకి చేరినవే తప్ప పన్నులో పుట్టినవి కావని తేల్చాడు. ఖురాసాని వాము పొగలో రాలే పురుగుల గుట్టు కూడా తర్వాత బయటపడింది. వేడికి గింజ పగిలి లోపలి తెల్లటి మొలక బయటికి వస్తది. అది వంకరగా పురుగు లాగానే ఉంటది. నీళ్ళ గిన్నెలో రాలితే చూసేవాళ్ళు పురుగే అనుకుంటరు.

ఇది రాయడానికి కారణం ఉంది. మనకు తెలిసిన ఒక ఆరో తరగతి పిల్లగాడికి దవడ పన్ను నొప్పి లేచింది. ఇంటికి తీసుకుపోయి పొగ పెట్టించారు. రెండు రోజులు నొప్పి తగ్గింది, పురుగులు పోయాయని అందరూ సంతోషపడ్డారు. తర్వాత చెంప బూరె లాగా వాచి జ్వరం వచ్చింది. చివరికి పన్ను పీకించి పన్నెండు రోజులకు బడికి వచ్చాడు. పాల పన్నే కదా మళ్ళీ వస్తదని వాళ్ళ నాయన అన్నాడట. అది పాల పన్ను కాదు. ఆరేండ్ల వయసులో, పాల పళ్ళకు వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే నాలుగు దవడ పళ్ళు వస్తాయి. ఏ పన్నూ ఊడలేదు కాబట్టి వచ్చింది కొత్తదని ఎవరూ గమనించరు. అవి ముసలితనం దాకా ఉండాల్సిన పళ్ళు. నోటిలో అందరికన్న ముందు వచ్చేవి, గుంతలు ఎక్కువ ఉండేవి, బ్రష్షు అందనివి కాబట్టి ముందు పుచ్చేవి కూడా అవే.

పురుగు లేదని ల్యూవెన్‌హుక్ చెప్పాడు, కనపడని ప్రాణులు ఉన్నాయని కూడా ఆయనే చెప్పాడు. కాని ఆ ప్రాణులే పంటిని పుచ్చిస్తాయని ఆయనకు తోచలేదు. ఆ ముడి విప్పడానికి ఇంకా రెండు వందల ఏండ్లు పట్టింది. విప్పింది విల్లోబీ మిల్లర్ అనే అమెరికా పళ్ళ డాక్టరు. ఆయన బెర్లిన్‌లో పనిచేస్తూ, రాబర్ట్ కాక్ కనిపెట్టిన పద్ధతులతో నోటిలోని సూక్ష్మజీవులను పెంచి చూశాడు. పీకేసిన పళ్ళను రొట్టె, ఉమ్మి కలిపిన దాంట్లో వెచ్చగా ఉంచితే పన్ను మెత్తబడింది. మాంసంతో, కొవ్వుతో ఉంచితే మెత్తబడలేదు. అంటే సూక్ష్మజీవులు పన్నును కొరికి తినవు. మనం తిన్న తీపిని, పిండి పదార్థాన్ని అవి తింటాయి. తిని పులియబెట్టి ఆమ్లాన్ని వదులుతాయి. కల్లు పులిసినట్టే అనుకోండి. ఆ ఆమ్లం పింగాణిలోని కాల్షియం, ఫాస్ఫేటులను కరిగిస్తది. 1890లో మిల్లర్ పుస్తకం ఇంగ్లీషులో వచ్చింది. 1924లో క్లార్క్ అనే ఆయన ఆ పనిలో ముందుండే సూక్ష్మజీవికి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అని పేరు పెట్టాడు. 1954లో అమెరికాలో ఓర్లాండ్ బృందం ఏ సూక్ష్మజీవీ తగలకుండా ఎలుకలను పెంచి, వాటికి చక్కెర మేపితే, ఒక్క పన్ను కూడా పుచ్చలేదు. తీపి ఒక్కటే ఉన్నా పుచ్చదు, సూక్ష్మజీవులు ఒక్కటే ఉన్నా పుచ్చదు. రెండూ కలవాలె, కొంత సమయం దొరకాలె.

సమయం అన్నాను కదా, అసలు కీలకం అదే. తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే పాచిలో ఆమ్లం లేస్తది. ఉమ్మి దాన్ని మెల్లగా చప్పబరిచి, కరిగిన ఖనిజాన్ని మళ్ళీ పంటికి చేర్చడానికి అరగంటో ఇంకా ఎక్కువో పడుతది. ఈ కరగడం, చేరడం రోజంతా మన నోటిలో నడుస్తనే ఉంటది. గంట గంటకు చాక్లెట్ చప్పరిస్తే ఉమ్మికి బాగుచేసే సమయమే దొరకదు. ఎంత తిన్నామన్న దానికన్న ఎన్నిసార్లు తిన్నామన్నదే ముఖ్యం. స్వీడన్‌లో విపెహోల్మ్ అనే ఆసుపత్రిలో 1940లలో ఈ సంగతి తేల్చారు. తేల్చిన పద్ధతి మాత్రం మంచిది కాదు. బుద్ధి ఎదగని రోగులకు వాళ్ళ ఒప్పుకోలు లేకుండా పంటికి అతుక్కునే మిఠాయిలు రోజుకు పదేపదే పెట్టి పళ్ళు పుచ్చేదాకా చూశారు. భోజనంతో పాటు చక్కెర తిన్నవాళ్ళకు తక్కువ పుచ్చాయి, మధ్యమధ్య మిఠాయి తిన్నవాళ్ళకు చాలా ఎక్కువ. మాట్లాడలేని వాళ్ళ నొప్పి మీద నేర్చుకున్న పాఠం అది.

వార్డెన్ సార్‌కు ఇక్కడ ఒక మనవి. సాయంత్రం ఇచ్చే పల్లీపట్టి మంచిదే, బలం. కాని బెల్లం పాకం పళ్ళకు అతుక్కొని స్టడీ అవర్ అంతా అట్లనే ఉంటది. దాన్ని మధ్యాహ్నం భోజనంతో కలిపి ఇస్తే పళ్ళకు మేలు. రాత్రి తిన్నంక పళ్ళు తోముకుందామంటే ఆ టైముకు నల్లా బందైతది. ఇంకో అరగంట నీళ్ళు వదిలితే చాలు. నిద్రలో ఉమ్మి ఊరడం బాగా తగ్గిపోతది, కాబట్టి రాత్రి పళ్ళకు కాపలా ఉండదు. పొద్దున తోమడం కన్న పడుకునే ముందు తోమడమే ముఖ్యమని డాక్టర్లు అందుకే అంటరు.

యాప పుల్ల, కానుగ పుల్ల చిన్నచూపు చూడాల్సినవి కావు. నమిలి కుంచె చేసి సరిగా తోమితే పాచి ఊడుతది. ల్యూవెన్‌హుక్ చేతిలో ఉన్నది కూడా ఉప్పు, పుల్ల, గుడ్డే. పేస్టులో ఉండే ఎక్కువ సంగతి ఫ్లోరైడు. అది పింగాణిని ఆమ్లానికి తొందరగా లొంగకుండా గట్టి చేస్తది. బఠానీ గింజంత పేస్టు చాలు, బ్రష్షు నిండా అక్కర లేదు, మింగొద్దు. బొగ్గు, ఇటుక పొడి మాత్రం వద్దు. అవి పింగాణినే గీకేస్తాయి.

ఫ్లోరైడు అంటే జనగామ మిత్రులకు భయం ఉంటది, ఆ భయంలో న్యాయం ఉంది. నీళ్ళలో కొంచెం ఉంటే పంటికి మేలు, ఎక్కువుంటే పంటికి, ఎముకకు కూడా చేటు. 1937లో నెల్లూరు జిల్లా పల్లెల్లో షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు ఈ జబ్బును గుర్తించి రాశారు. నల్లగొండ సంగతి అందరికీ తెలుసు. పటిక, సున్నం కలిపి నీళ్ళలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి లోకమంతా నల్లగొండ పద్ధతి అనే పేరు. జనగామ వైపు కొన్ని ఊళ్ళ బోరు నీళ్ళలో కూడా అది ఉంది. పళ్ళ మీద పుట్టుకతో వచ్చినట్టుండే గోధుమరంగు చారలు దానివల్ల వచ్చేవి. అవి పుచ్చు కాదు, పాచి కూడా కాదు, ఎంత తోమినా పోవు. అట్లాంటి చారలున్న పిల్లలను పళ్ళు తోమడని ఎగతాళి చేయడం మన డార్మిటరీలో ఉంది. అది ఆగితే బాగుంటది.

పుచ్చు మొదట తెల్లటి సుద్ద మచ్చగా కనపడుతది. అప్పుడు తోముడు, ఫ్లోరైడు సరిగా ఉంటే వెనక్కి మళ్ళుతది కూడా. గుంత పడితే మళ్ళదు. డాక్టరు పుచ్చిన భాగాన్ని తీసేసి సిమెంటు నింపాలె. అది నొప్పి లేని దశ, పదిహేను ఇరవై నిమిషాల పని. ఇంకా ఆగితే పంటి లోపలి మెత్తటి గుజ్జుకు, అందులోని నరానికి తగులుతది. రాత్రి పడుకుంటే పోటు ఎక్కువయ్యేది అప్పుడే. ఆ దశలో వేరు లోపల శుభ్రం చేసి నింపాలె, లేదా పీకాలె. చెంప వాచి జ్వరం వచ్చిందంటే చీము పట్టినట్టు. ఆ రోజు లవంగంతో కూర్చోవద్దు, వార్డెన్ సార్‌కు వెంటనే చెప్పి ఆసుపత్రికి పోవాలె. అప్పుడప్పుడు బడికి వచ్చే ఆరోగ్య బృందం డాక్టర్లు కళ్ళు, చెవులతో పాటు పళ్ళు కూడా చూస్తరు. సూది వేస్తరని ఆ రోజు బాత్రూముల వెనక దాక్కునేవాళ్ళు ఉన్నారు, పేర్లు రాయను. వాళ్ళు చూసేది నోరు తెరిపించి టార్చి వేసి, అంతే.

మళ్ళీ ల్యూవెన్‌హుక్ దగ్గరికి. పేరు పెరిగినా ఆయన డెల్ఫ్ట్ వదిలిపెట్టలేదు. 1698లో రష్యా చక్రవర్తి పీటర్ ఆ దారిలో పోతూ తన పడవకు పిలిపించుకొని సూక్ష్మదర్శినిలో చూశాడు. మామూలు జనం కూడా చూడడానికి ఎగబడేవాళ్ళు, ఆయన కొంచెం విసుక్కునేవాడు. రెండో భార్య కూడా 1694లో పోయింది. కూతురు మరియా పెండ్లి చేసుకోకుండా ఆయనతోనే ఉండి చూసుకుంది. అర్ధశతాబ్దం పాటు రాయల్ సొసైటీకి సుమారు 190 ఉత్తరాలు రాశాడు. చివరి రోజుల్లో ఛాతీ కింద కండరం అదుపు లేకుండా కొట్టుకునే అరుదైన జబ్బు వస్తే, అది ఎట్లా ఉందో కూడా గమనించి రాయించి పంపాడు. ఆ జబ్బుకు తర్వాత ఆయన పేరే పెట్టారు. 1723 ఆగస్టు 26న, తొంభై ఏండ్ల వయసులో చనిపోయాడు. డెల్ఫ్ట్‌లోని పాత చర్చిలో సమాధి చేశారు.

తండ్రి కోరిక ప్రకారం మరియా 26 వెండి సూక్ష్మదర్శినులను ఒక పెట్టెలో పెట్టి లండన్ పంపింది. వందేండ్లు దాటినంక ఆ పెట్టె ఎట్లనో పోయింది, ఇంతవరకు దొరకలేదు. కాని 1981లో బ్రయన్ ఫోర్డ్ అనే శాస్త్రవేత్త రాయల్ సొసైటీలో ఆయన పాత ఉత్తరాలు తిరగేస్తుంటే, కాగితాలకు అంటించిన చిన్న పొట్లాలు బయటపడ్డాయి. విప్పితే ల్యూవెన్‌హుక్ తన చేతితో కోసి పంపిన పలచటి ముక్కలు, మూడు వందల ఏండ్లుగా చెక్కుచెదరకుండా అందులో ఉన్నాయి.